పాత బ్యాగు విప్పి కొత్తగా కుట్టిస్తే

ఏమ్మా, ఆ చిరుగుల బ్యాగు ఇంకా పడేయలేదా అని ఇంట్లో సణుగుతున్నారా? పడేయకండి. ఈ నెల దాని ముచ్చటే చెప్పుకుందాం.

మాది బెంగళూరు దగ్గరి సర్జాపుర. ఒకప్పుడు సన్నటి మస్లిన్ నేతకు పేరున్న ఊరు. ఇప్పుడు పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే ఎవరి వీపున చూసినా ల్యాప్‌టాప్ బ్యాగే, వాళ్ళలో మన తెలుగమ్మాయిలు ఎంతమందో! ల్యాప్‌టాప్, చార్జరు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు... అంత బరువు మోసే బ్యాగు వీపుకి కుదరడం అదృష్టమే. అంగట్లో దొరికేవాటిలో చాలా వాటికి వీపు పొడుగెక్కువ. మనం తగిలించుకుంటే అడుగు నడుం కిందికి జారి, భుజాలు వెనక్కి పీకుతాయి. అందుకే కుదిరిన బ్యాగు చిరిగితే అంత బాధ.

నాది ముందు లోపల్నుంచి పాడైంది. గుడ్డకి పూసిన పూత జిగటగా మారి, పొట్టుపొట్టుగా రాలి పుస్తకాలకు అంటుకునేది. పాలీయురెథేన్ పూత గుణమే అంత, ఏళ్ళ తరబడి తేమ తగిలితే విరిగిపోతుంది. దాన్ని మళ్ళీ అతికించడం కుదరదు. ఆ తర్వాత భుజం పట్టీ మొదట్లో కుట్లు వదిలాయి. చెప్పులు కుట్టే తాత ఓపిగ్గా వేసిచ్చేవాడు గానీ, గుడ్డే చివికిపోయాక కుట్టు దేన్ని పట్టుకుంటుంది చెప్పండి?

చివరికి కారు సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. మన జాకెట్లు కుట్టే మిషను ఈ పనికి చాలదమ్మా. దళసరి గుడ్డ నాలుగు పొరలు ఒకచోట కలిస్తే సూది విరుగుతుంది. సీట్లు కుట్టే మిషన్లలో పైన పాదం కూడా గుడ్డతోపాటు ముందుకి నడిచేవి ఉంటాయి, పొరలు జారవు. ఆయన బ్యాగు అటూ ఇటూ తిప్పి, “అక్కా, దీన్ని పూర్తిగా విప్పేయొచ్చా?” అన్నాడు. గుండె కలుక్కుమంది. కానీ చేయాల్సింది అదే. ఒక్కో ముక్కా విప్పి, అట్ట మీద పరిచి గీసుకుంటే అదే కొత్తదానికి కొలత. ఎక్కడ అరిగిందో కూడా అప్పుడే బయటపడుతుంది. నాది అడుగునా, ఎడమ పట్టీ కిందా. అక్కడ రెండు పొరలు వేయమన్నాను.

గుడ్డకి కార్డురా నైలాన్ తీసుకున్నాను. దాని మీద డెనియర్ అని అంకె ఉంటుంది. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 మొండిగా, బరువుగా ఉంటుంది. ఆఫీసు బ్యాగుకి 500 చాలు, అడుగుకి మాత్రం 1000 వేయించండి. కాన్వాస్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ వానకి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. దారం నైలాన్‌దే అడగండి. జిప్పులు, పట్టీలు, బకిల్స్ కోసం బెంగళూరులో చిక్కపేట పక్కన మామూల్‌పేట సందుల్లో ఓ పూట తిరగండి, కావలసినవన్నీ దొరుకుతాయి.

పట్టీ అతికే చోట మాత్రం దగ్గరుండి చూసుకోండి. వట్టి అడ్డగీత కుట్టు వద్దు. చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా వేయాలి. అప్పుడు లాగుడు ఒక్క గీత మీద పడదు. లోపలి అంచులకి టేపు చుట్టించండి, లేకపోతే నైలాన్ పోగులు ఊడుతూనే ఉంటాయి. భుజాల పట్టీల్లో మామూలు స్పాంజి అణిగిపోతుంది, కాస్త గట్టి ఈవీఏ ఫోమ్ పెట్టమనండి.

ఖర్చు తక్కువేం కాదు, మంచి కొత్త బ్యాగు ధరకి దగ్గరగానే వస్తుంది. అయినా నాకు ఇదే నచ్చింది. వీపుకి తెలిసిన కొలత డబ్బు పెట్టినా అంగట్లో దొరకదు. ఒకవేళ మీ బ్యాగు గుడ్డ బాగానే ఉండి జిప్పు మాత్రమే నోరు తెరుస్తుంటే ఇంత హంగామా అక్కర్లేదు. చాలాసార్లు అరిగేది పళ్ళు కాదు, వాటి మీద జరిగే స్లైడరు. అది మార్పిస్తే సరి.

కుట్టి ఇచ్చాక ఖాళీ బ్యాగు చూసి మురిసిపోయి డబ్బులిచ్చేయకండి. మీరు రోజూ మోసే సామానంతా అక్కడే నింపి, తగిలించుకుని, ఆ వీధి చివరిదాకా నడిచి రండి.