పప్పుకి కాలువ నీళ్లే

చెల్లీ, ఈ సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలతో ఐనవిల్లి వచ్చింది. ఆటో దిగి బ్యాగులు అరుగు మీద పెడుతూనే, "వదినా, పిల్లలకి నీళ్ల టిన్ను తెప్పించావా?" అని అడిగింది. అప్పటికే మా అత్తగారు చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో నించున్నారు. "ఈ నీళ్లు తాగే పెరిగావే నువ్వు" అన్నారు మెల్లిగా. ఆ చెంబు అలాగే లోపలికి వెళ్లిపోయింది.

ఎవరిని తప్పుపట్టను చెప్పు? పిల్లలకి ఏదైనా అవుతుందేమోనని తల్లి భయం. తన ఇంటి నీళ్లని కూతురే వద్దందని అత్తగారి బాధ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు మా ఇంటి నీళ్లు మంచివో కావో నాకైనా తెలుసా? పదహారేళ్లుగా ఆ నీళ్లతోనే వండి పెడుతున్నాను మరి.

మర్నాడు మూడు గాజు సీసాలు కడిగి ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో టిన్ను నీళ్లు సగం దాకా పోశాను. ఒంటిసబ్బు కాస్త గీకి మూడింట్లోనూ సమంగా వేసి, మూతలు పెట్టి బాగా గిలకొట్టాను. (బట్టల పొడి వేస్తే తేడా తెలీదు. దానికి ఏ నీళ్లలోనైనా నురగొస్తుంది. సబ్బే వెయ్యాలి.) టిన్ను సీసా మెడ దాకా నురగ. కుళాయి సీసాలోనూ కాస్త తక్కువగా నురగే. బోరు సీసాలో మాత్రం పాలు విరిగినట్టు తెల్ల తరకలు తేలాయి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని చేసే పని అది. బకెట్ అంచున గట్టిపడే జిడ్డూ, తలంటుకున్నాక జుట్టు పీచులా అవడమూ దానివల్లే. కుంకుడుకాయకి ఆ పేచీ లేదు తెలుసా? దాని నురగ సబ్బు నురగలాంటిది కాదు, సున్నం ఉన్న నీళ్లలోనూ విరగదు. మన అమ్మమ్మలు ఊరికే పట్టుకోలేదు దాన్ని.

మా కోనసీమలో నీళ్లకి కొదవ లేదంటారు. నిజమే, కాస్త తవ్వితే చాలు నీరు ఊరుతుంది. కానీ తియ్యటి నీళ్లది పైపొరే. వాననీళ్లూ కాలువల ఊటా కలిసి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంటాయి. బోరు లోతుకి దింపి ఆశగా లాగితే కిందిది పైకొస్తుంది. అందుకే ఒక వీధిలో తియ్యగా, పక్క వీధిలో చప్పగా, సముద్రం వైపు వెళ్తే ఉప్పగా. కోనసీమలో చాలా ఊళ్లకి తాగునీళ్లు కాలువ పుణ్యమే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక వచ్చిన నీళ్లు. వాటిని చెరువులో నింపి, ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా వడకట్టి ట్యాంకుకి ఎక్కిస్తారు. మా కుళాయిలో వచ్చేవీ అవే.

మా అత్తగారు ఇప్పటికీ పప్పుకి కాలువ నీళ్లే అంటారు. బోరు నీళ్లలో కందిపప్పు ఎన్ని కూతలు వచ్చినా బద్దలాగే ఉంటుంది. ఆ కాల్షియమే పప్పుని మెత్తబడకుండా బిగబట్టేస్తుంది. వంటసోడా వేస్తే ఉడుకుతుంది గానీ పప్పులో ఉండే బి1 విటమిను పోతుంది. దానికంటే కుళాయి నీళ్లలో గంటసేపు నానబెట్టుకో. ఇక టీ గిన్నె అడుగునా, హీటర్ కడ్డీకీ పట్టే తెల్ల పొర చూసి కడుపులోనూ ఇలాగే పేరుకుంటుందేమోనని భయపడకు. మరిగించినప్పుడు నీళ్లలోంచి విడిపోయిన సున్నం అది. చింతపండు పులుసు పోసి రాత్రంతా ఉంచితే వదులుతుంది.

ఇప్పుడు అసలు మాట చెప్తాను విను. నీళ్లు కరుకుగా ఉండడం వేరు, చెడిపోయి ఉండడం వేరు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో కరుకుదనం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదనీ, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా పర్లేదనీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే కరుకుదనానికి ఆరోగ్యం పేరున హద్దే పెట్టలేదు. అటు నల్లగొండ చూడు. కళ్లకి తేటగా కనిపించే నీళ్లే, అందులోని ఫ్లోరైడే తరాల తరబడి జనం ఎముకలు వంచేసింది. నీళ్లలో ఫ్లోరైడు తగ్గించడానికి పటికా సున్నమూ వాడే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు.

ఆ మధ్య ఒకబ్బాయి ఆర్వో మిషను అమ్మడానికి వచ్చాడు. మా కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, అతని నీళ్లు ఒక గ్లాసులో పోసి, రెండింట్లోనూ కరెంటు కడ్డీలు పెట్టాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు తుప్పురంగుకి తిరిగి పైన మురికి తేలింది. "ఇదేనండి మీరు తాగుతున్నది" అన్నాడు. నా కడుపులో తిప్పేసింది. తర్వాత తెలిసింది, ఆ రంగు నీళ్లది కాదు, ఇనప కడ్డీ కరిగిన రంగు! ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ గనక కరెంటు సరిగ్గా పారదు, తెల్లగానే ఉంటాయి. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తే అవీ అంతే అవుతాయి. మీ గుమ్మంలోకి ఎవరైనా అలా వస్తే ఆ ఉప్పు నువ్వే వేసి చూపించు. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా, లవణాల లెక్క అంటే టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు వద్దని చెప్పింది. ఇంట్లో పెట్టుకునే ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు తూములో పోస్తుంది. మీ ఊళ్లో నీళ్లు నిజంగా ఉప్పగా ఉంటే పెట్టుకో, కాదనను. కానీ ఆ టీడీఎస్ మీటరుకి క్రిములు కనబడవు. మనల్ని మంచాన పడేసేవి అవే కదా.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష నేర్పించాలని పెట్టారు. నాకు తెలిసిన ఒకామె అలా నేర్చుకుంది. ఆమెని అడిగి రెండు చిన్న పరీక్ష సీసాలు తెచ్చుకున్నాను. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి, అంతే. నల్లబడితే ఆ నీళ్లలో మలినం కలిసినట్టు.

బోరు సీసా అలాగే ఉంది. కుళాయి సీసా మర్నాటికల్లా కాటుకలా నల్లబడింది.

పప్పు ఉడికించే నా మంచి నీళ్లు, చెల్లీ! ఆ సీసా పట్టుకుని వంటింట్లో కూలబడిపోయాను. మా పిల్లలకి పోయిన వేసవిలో వచ్చిన విరేచనాలు మామిడిపళ్ల వల్లనుకుని, వాళ్ల చేతుల్లోంచి పళ్లు లాక్కున్నాను.

ఇంకో సీసా తెచ్చి పక్కింటి కుళాయి నీళ్లు పరీక్షిస్తే బాగానే ఉన్నాయి. అంటే తేడా మా ఇంటి దగ్గరే. మా కనెక్షను పైపు వీధి మురుగు కాలవలోంచి వెళ్తుంది. తవ్వి చూస్తే పైపు వంపు దగ్గర చిట్లి ఉంది. కుళాయి ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది కదా, అప్పుడు మురుగు లోపలికి చేరుతుంది. దానికి తోడు నీళ్లు సన్నగా వస్తున్నాయని పైపుకే మోటారు పెట్టుకున్నాం. అది ఆ మురుగుని ఇంకా లాగింది. మీ ఇంట్లోనూ అలా ఉంటే ఈ రోజే తీయించు. కుళాయి వచ్చిన మొదటి రెండు నిమిషాల నీళ్లు మొక్కలకి పొయ్యి. బ్లీచింగ్ వాసన వస్తే తిట్టుకోకు, కుళాయి చివరన లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. బిందె మూత తీసి కాసేపు ఉంచితే ఆ వాసన పోతుంది. వరదలప్పుడు ఎర్రనీరొస్తే పటిక తిప్పు, చిల్లగింజ అరగదియ్యి, బురద దిగుతుంది. క్రిమి మాత్రం చావదు. తేరిన నీళ్లని తెర్ల కాగనిచ్చి ఒక నిమిషం ఉంచాకే తాగండి.

పైపు మార్పించి, కాలవ పైనుంచి వేయించాం. మోటారు తీసేశాం. కొత్త సీసాలో మళ్లీ నీళ్లు పోస్తే మా అత్తగారు దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టుకున్నారు. పొద్దున్న దీపం పెట్టినప్పుడల్లా వంగి చూసుకున్నారు. రెండో రోజు సాయంత్రానికీ రంగు మారలేదు. ఫొటో తీసి మా ఆడపడుచుకి పంపాను.

మేలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లు పాచి పడతాయి. అప్పటికి ఇంకో రెండు సీసాలు కావాలని, పరీక్ష నేర్చుకున్న ఆమెకి ఇప్పుడే చెప్పి ఉంచాను.