వెనుక దీపం

పల్నాటి బాటలలో రాత్రివేళ సాగే ఎడ్లబండికి పూర్వం ఇరుసు కింద ఒక లాంతరు వేలాడుతూ ఉండేది. దాని వెలుతురు బండివానికి పెద్దగా ఉపయోగపడేది కాదు. ఎద్దులకు దారి తెలుసు. బండివాడు కునుకు తీసినా అవి ఇల్లు చేరేవి. ఆ దీపం వెనుక వచ్చేవారి కోసం, ఎదురు వచ్చేవారి కోసం. ముందు ఒక బండి పోతున్నదని ముఖపరిచయం లేని బాటసారికి తెలియజేయడమే దాని పని. నేటి వాహనాలకు ముందు ఉండే దీపాలు నడిపేవానికి దారి చూపుతాయి. వెనుక ఉండే ఎర్రదీపాలు మాత్రం ఆ పాత లాంతరు వంశానికి చెందినవే.

ఈ ఎర్రదీపాలలో బ్రేకు దీపం ప్రత్యేకమైనది. పాదం బ్రేకు మీద పడగానే ఒక చిన్న మీట కదిలి, విద్యుత్తు ప్రవహించి, దీపం వెలుగుతుంది. వేగం తగ్గుతున్నదనే వార్త వెనుకవానికి అందుతుంది. అయితే ఈ వార్తలో ఒక లోపం ఉన్నది. గేదె అడ్డం వచ్చినప్పుడు బ్రేకును బలంగా తొక్కినా, గతుకు దగ్గర పాదాన్ని మెల్లగా ఆనించినా వెలిగేది అదే దీపం, అదే ఎరుపు, అదే కాంతి. ముందు బండి కాస్త మెల్లబడుతున్నదో, ఉన్నచోటనే ఆగిపోబోతున్నదో వెనుకవాడు తానే ఊహించుకోవాలి. ఆ ఊహకు పట్టే క్షణమే ప్రాణాంతకమవుతున్నది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ప్రమాదాన్ని గుర్తించి పాదాన్ని బ్రేకు మీదికి చేర్చడానికి సామాన్యునికి ఒక సెకను నుండి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు పనిచేయడం మొదలుకాక ముందే వాహనం 22 నుండి 33 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఆ తరువాత, పొడి రోడ్డు మీద మంచి టైర్లతోనైనా, పూర్తిగా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. తీగ వేడెక్కి వెలిగే పాత బల్బు నిండు కాంతిని పొందడానికి సెకనులో ఐదవ వంతు తీసుకుంటుంది. ఎల్.ఇ.డి. దీపానికి ఆ జాప్యం లేదు. ఈ ఒక్క మార్పుతోనే నాలుగు మీటర్లకు పైగా దూరం కలిసివస్తుంది. నాలుగు మీటర్లంటే దాదాపు ఒక కారు పొడవు. ఢీకొనడానికీ, ఢీకొనకుండా ఆగడానికీ మధ్య కొన్నిసార్లు ఉండే ఎడం అంతే.

బ్రేకు దీపం మరింత స్పష్టంగా మాట్లాడేటట్లు చేయాలనే ఆలోచన ఇంజనీర్ల నుండి గాక ఒక మనస్తత్వ శాస్త్రవేత్త నుండి రావడం గమనింపదగినది. అమెరికాకు చెందిన జాన్ వోయెవోడ్‌స్కీ శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో 343 టాక్సీలకు వెనుక అద్దం అడుగున అదనంగా మరొక దీపాన్ని అమర్చాడు. పోల్చి చూడడానికి 160 టాక్సీలను యథాతథంగా వదిలివేశాడు. అతని దీపం ఊరక వెలిగి ఊరుకొనేది కాదు. వేగం ఎంత తీవ్రంగా తగ్గితే అంత త్వరత్వరగా మినుకుమినుకుమనేది. పది నెలల తరువాత లెక్కలు తీయగా, ఆ దీపమున్న టాక్సీలను వెనుక నుండి ఢీకొట్టిన ప్రమాదాలు మిగిలినవాటి కంటే 60.6 శాతం తక్కువగా తేలాయి. 1974లో వెలువడిన ఈ ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది.

అమెరికా ప్రభుత్వం మరికొన్ని పరీక్షలు జరిపి, 1986 నమూనా మొదలు కొత్త కార్లన్నిటికీ ఎత్తున అమర్చే మూడవ బ్రేకు దీపాన్ని తప్పనిసరి చేసింది. అది మినుకుమనేది కాదు, స్థిరంగా వెలిగేది. 1998లో దాని దీర్ఘకాల ప్రయోజనాన్ని లెక్కించినప్పుడు, వెనుక నుండి ఢీకొనే ప్రమాదాలలో తగ్గుదల 4.3 శాతం మాత్రమే. అరవై ఎక్కడ, నాలుగు ఎక్కడ! రెండు దీపాలూ ఒకటి కావనే మాట నిజమే. కాని అసలు కారణం మరొకటి ఉన్నది. నగరమంతటిలో కొన్ని వందల టాక్సీలకే ఉన్నప్పుడు ఆ దీపం వింత. అన్ని కార్లకూ వచ్చిన తరువాత అది మామూలు. మామూలైనదాన్ని కన్ను చూస్తుంది గాని మనస్సు పట్టించుకోదు. అయినప్పటికీ ఆ నాలుగు శాతాన్ని చిన్నచూపు చూడరాదు. చౌకగా లభించే ఒక చిన్న దీపం ఏటేటా వేల ప్రమాదాలను తప్పిస్తున్నదంటే అది గొప్ప లాభమే.

మినుకుమనే వెలుగుకు ఇంతటి ఆకర్షణ ఎందుకు? చూపు కేంద్రంలో ఉన్నదాన్ని కన్ను వివరంగా గుర్తిస్తుంది. చూపు అంచులలో ఉన్నదాని వివరాలు తెలియవు గాని, అక్కడ ఏదైనా కదిలినా, వెలుగు మారినా వెంటనే పసిగడుతుంది. పల్నాటి ప్రజలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మహాశివరాత్రి తిరునాళ్లకు నరసరావుపేట చేరువలోని కోటప్పకొండ కింద నిలబెట్టే విద్యుత్ ప్రభలే ఇందుకు సాక్ష్యం. తాటిచెట్లను మించిన ఎత్తున, వేల దీపాలు ఒకదాని వెనుక ఒకటి పరుగులు తీస్తూ ఆరి వెలుగుతుంటే, పక్కకు తిరిగి మాట్లాడుకుంటున్నవారి తలలు కూడా అటే తిరుగుతాయి. స్థిరంగా వెలిగే వీధిదీపం వైపు ఎవరూ అట్లా తల తిప్పరు.

ఈ స్వభావాన్ని ఆధారం చేసుకొని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో అత్యవసర నిలుపుదల సంకేతానికి చోటు కల్పించారు. దాని షరతులు ఆలోచించి పెట్టినవి. వాహనం 50 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతూ ఉండాలి. బ్రేకు చాలా బలంగా పడాలి; అనగా కారు వేగం ప్రతి సెకనుకూ గంటకు ఇరవై కిలోమీటర్లకు పైగా తగ్గుతూ ఉండాలి. అప్పుడు మాత్రమే దీపాలు సెకనుకు సుమారు నాలుగు సార్లు ఆరి వెలుగుతాయి. మామూలు బ్రేకుకు దీపం స్థిరంగానే ఉంటుంది. చక్రాల వేగాన్ని నిత్యం కొలిచే పరికరాలు ఆధునిక వాహనాలలో ఉండనే ఉంటాయి కనుక ఈ నిర్ణయం యంత్రమే తీసుకొంటుంది. అమెరికా మాత్రం కొద్దిపాటి మినహాయింపులు తప్ప, బ్రేకు దీపం స్థిరంగా వెలగాలనే నియమాన్నే పాటిస్తున్నది.

బజారులో దొరికే చౌక ఫ్లాషర్ల సంగతి వేరు. బ్రేకు దీపానికి పోయే తీగను మధ్యలో తెంచి వీటిని కలుపుతారు. అరగంట పని. కాని వీటిలో ఎక్కువ భాగానికి తొక్కిన తీవ్రతతో సంబంధం లేదు. పాదం ఆనితే చాలు, దీపం మెరుస్తుంది. బజారులో వరుసగా నిలిచిన వాహనాల మధ్య నిమిషానికి పదిసార్లు మెరుస్తుంది. ‘నాన్నా పులి!’ అని ఉత్తుత్తినే అరిచిన పిల్లవాని కథ తెలియనివారుండరు. ప్రతి బ్రేకుకూ మెరిసే దీపం ఆ పిల్లవాడే. ఇక కొందరు లారీల వెనుక అలంకారం కోసం రంగురంగుల మెరుపు దీపాలు తగిలిస్తారు. అక్కడ అసలు బ్రేకు దీపం ఏదో వెతుక్కోవలసి వస్తుంది. ప్రభకు అందమైనది లారీకి అపాయమైనది! వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన తీరుకు విరుద్ధంగా మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. కాబట్టి దీపాల తీగలు తెంచే ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు.

పల్నాడు 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక జిల్లా అయినది. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు, గుంటూరు యార్డుకు చేరవలసిన మిరప టిక్కీలు, పత్తి బోరాలు—అన్నీ రోడ్డు మీదనే ప్రయాణించాలి. మిరపకోతల కాలంలో తెల్లవారకముందే కూలీల ఆటోలు అదే రోడ్డెక్కుతాయి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు వెనుక 80 కిలోమీటర్ల వేగంతో కారు వస్తుంది. అట్టిచోట అత్యాధునిక సంకేతం కంటే ముందు ఉండవలసినది అసలు ఒక దీపం. ట్రాక్టరుకు దీపముంటుంది, కాని వెనుక ట్రక్కుకు తీగ కలపరు. తీగ కలిపినచోట బోరాలు దీపానికి అడ్డంగా వేలాడతాయి. పంక్చరైన లారీ చుట్టూ నాలుగు రాళ్లు, రెండు చెట్టు కొమ్మలు పెడతారు. చక్రం మార్చుకొని లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మిగిలిపోతాయి. తరువాత వచ్చే మోటారు సైకిలు వానికి ఆ రాళ్లే మృత్యువు.

2022 మే నెలాఖరున శ్రీశైల దర్శనం ముగించుకొని రాత్రివేళ తిరిగివస్తున్న వారి చిన్న వాహనం రెంటచింతల వద్ద ఆగి ఉన్న లారీని ఢీకొన్నది. పలువురు మరణించారు. వారు ఇల్లు చేరడానికి మిగిలిన దారి ఎంతో లేదు. ఆగిన వాహనానికి బ్రేకు దీపం వెలగదు, ఎందుకంటే బ్రేకు మీద పాదం ఉండదు. అక్కడ పనిచేయవలసినవి నాలుగు మూలలా మెరిసే ప్రమాద సూచికలు, దూరంగా నిలబెట్టే త్రికోణపు పలక, వెనుక అంటించిన రేడియం స్టిక్కర్లు. వీటిలో నిజంగా రేడియం ఏమీ లేదు. వాడుకలో ఆ పేరు నిలిచిపోయినది, అంతే. తనపై పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే సూక్ష్మమైన పట్టకాలో, గాజుపూసలో ఆ పట్టీలో ఉంటాయి. బ్యాటరీ అక్కరలేదు, తీగ అక్కరలేదు, బల్బు మాడదు. ఒకే ఒక్క షరతు ఉన్నది: దుమ్ము తుడవాలి. సున్నపు బట్టీల నుండి వచ్చే లారీకి రెండు రోజులు తుడవకపోతే అది ఉన్నా లేనట్లే.

నడిపేవాడు తన బ్రేకు దీపాన్ని తాను చూడలేడు. ఆరిపోయిన సంగతి వెనుకవాడు చెబితే తప్ప తెలియదు. ఆ చెప్పే అవకాశం వెనుకవానికి కొన్నిసార్లు ఢీకొన్న తరువాతనే వస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన డ్రైవర్లు బయలుదేరే ముందు బండిని గోడకు వెనుకగా నిలిపి, బ్రేకు తొక్కి, అద్దంలో గోడ మీద పడే ఎర్రని వెలుగును చూసుకొంటారు. వెలుగు రెండు వైపులా సమానంగా పడితే దీపాలు బాగున్నట్లు. ఒకవైపు చీకటిగా ఉంటే బల్బు మార్పించుకొని గాని కదలరు.