గైడు కొనేముందు కవర్ మీద అంకె చూడండి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కోఠీ సెకండ్ హ్యాండ్ షాపుల్లోనో జీమ్యాట్ గైడు చవగ్గా దొరుకుతుంది. మొదటి 60 పేజీల్లో ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలుంటాయి, ఆ తర్వాత పుస్తకం తెల్లగా ఉంటుంది. మా టీమ్‌లో ఒకతను అలాంటిదే తెచ్చుకున్నాడు. రాత్రి పదింటికి క్లయింట్ కాల్స్ అయ్యాక కూర్చుని నాలుగు నెలలు చదివాడు. సెంటెన్స్ కరెక్షన్ చాప్టర్ రెండుసార్లు చేశాడు. జామెట్రీ ఫార్ములాలన్నీ కార్డుల మీద రాసుకున్నాడు. తీరా స్లాట్ బుక్ చేయబోతూ సిలబస్ చూస్తే, ఆ రెండూ పరీక్షలోనే లేవు.

అతని కష్టానికి వంక పెట్టలేం. పుస్తకం పాతది, అంతే. జీమ్యాట్ 2023 నవంబరులో మారింది. పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది. ఎస్సే తీసేశారు, వెర్బల్‌లో సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, క్వాంట్‌లో జామెట్రీ తీసేశారు. ఇప్పుడున్నవి మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 45 నిమిషాలు. క్వాంట్‌లో 21 ప్రశ్నలు, వెర్బల్‌లో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. డేటా సఫిషియెన్సీ క్వాంట్ నుంచి ఈ మూడో సెక్షన్‌లోకి వచ్చింది. క్యాలిక్యులేటర్ కూడా ఆ సెక్షన్‌లో మాత్రమే ఇస్తారు.

షాపులో నిలబడి పుస్తకం పాతదో కొత్తదో తేల్చుకోవడానికి ఒక సులువుంది. కొత్త స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. కవర్ మీద 700, 760 అని గొప్పగా వేసి ఉంటే అది చాలావరకు పాత పరీక్షకు రాసిన పుస్తకమే. కొన్ని పబ్లికేషన్లు కవర్ మార్చి లోపల పాత సరుకే ఉంచుతాయి కాబట్టి విషయసూచిక కూడా తిప్పండి. సెంటెన్స్ కరెక్షన్ కనిపిస్తే అక్కడే పెట్టేయండి. స్కోరు విషయంలో ఇంకో మాట. పాత 700 ఇప్పుడు దాదాపు 645తో సమానం. మీ సీనియర్ 2019లో 710 తెచ్చుకున్నాడని మీరూ ఆ అంకె పట్టుకుని కూర్చోకండి.

క్యాట్ రాసేవాళ్లకూ ఇదే గొడవ. 2020 నుంచి ఒక్కో సెక్షన్‌కి 40 నిమిషాలే. అంతకుముందు గంట ఉండేది. పాత పుస్తకాల్లో ఆంటనిమ్స్, అనాలజీలు పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ఇప్పుడు వెర్బల్ సెక్షన్‌లో సింహభాగం ప్యాసేజీలదే. ఇక ఐసెట్ మెటీరియల్ ఇంట్లో ఉంది కదా, దాంతోనే క్యాట్ కూడా కానిచ్చేద్దాం అనుకునేవాళ్లున్నారు. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు. అంటే బిట్‌కి 45 సెకన్లు, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టేయొచ్చు. 2024 క్యాట్‌లో 120 నిమిషాలకు ఇచ్చింది 68 ప్రశ్నలే, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. ఐసెట్ అలవాటుతో క్యాట్‌కి వెళ్తే చేతులారా మార్కులు పోగొట్టుకోవడమే.

ఎడిషన్ సరైనదేనని తేలాక చూడాల్సింది వివరణలు. పుస్తకం వెనక నుంచి తెరవండి. మనం టెన్త్‌లో ఆల్ ఇన్ వన్, ఇంటర్‌లో బిట్ బ్యాంక్ చదివి పెరిగినవాళ్లం. కీలో జవాబు కలిసిందా లేదా చూసి ముందుకు పోవడం అలవాటు. ఈ పరీక్షలకు ఆ పద్ధతి పనికిరాదు. డేటా సఫిషియెన్సీ ప్రశ్న ఒకటి తీసుకుందాం. x సరి పూర్ణాంకమా? ఒకటో స్టేట్‌మెంట్: x స్క్వేర్ సరి పూర్ణాంకం. రెండో స్టేట్‌మెంట్: 3x సరి పూర్ణాంకం. మనలో చాలామంది ఒక్కో స్టేట్‌మెంటూ విడిగానే సరిపోతుందని D పెట్టేస్తారు. జవాబు C, అంటే రెండూ కలిపితేనే తేలుతుంది.

ఎందుకంటే x పూర్ణాంకమని ప్రశ్నలో ఎవరూ చెప్పలేదు. x రూట్ 2 అయితే స్క్వేర్ 2 వస్తుంది, సరి సంఖ్యే, కానీ x మాత్రం పూర్ణాంకమే కాదు. x రెండు బై మూడు అయితే 3x కూడా 2 అవుతుంది. రెండు స్టేట్‌మెంట్లూ కలిపినప్పుడు, రెండోదాన్ని బట్టి రూట్ 2 లాంటివి పోతాయి, మొదటిదాన్ని బట్టి భిన్నాలు పోతాయి. అలా x పూర్ణాంకమని ఖాయమయ్యాక, 3x సరి కాబట్టి x కూడా సరి. మంచి గైడు ఇదంతా చెప్పి, D పెట్టినవాళ్లు ఎక్కడ బోల్తా పడ్డారో కూడా చూపిస్తుంది. నాసిరకం గైడు ‘జవాబు: C’ అని ఒక్క ముక్కలో వదిలేస్తుంది. మీరు కొనబోయే పుస్తకంలో మూడు కష్టమైన ప్రశ్నలు చూసి, తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో రాసి ఉందా అని పరీక్షించండి. లేకపోతే ఎంత పేరున్న పుస్తకమైనా వద్దు.

జీమ్యాట్ నిర్వాహకులే వేసే అఫీషియల్ గైడ్‌లో ప్రశ్నలు ఒకప్పుడు పరీక్షలో వచ్చినవే. అది తప్పనిసరి. దాంట్లో కొన్ని వివరణలు మాత్రం చుట్టూ తిరిగి అసలు సంగతికి వస్తాయి. అందుకని మీకు బలహీనంగా ఉన్న సెక్షన్‌కి ఇంకో పుస్తకం, ఒక్కటే, తీసుకోండి.

ఆ బలహీనమైన సెక్షన్ ఏదో ఒప్పుకోవడం దగ్గరే చిక్కు. ఎంపీసీ చేసి, ఇంజినీరింగ్ చేసి వచ్చినవాళ్లు షాపుకెళ్తే చెయ్యి దానంతటదే క్వాంట్ గైడు మీదికి పోతుంది. వచ్చిన లెక్కలు మళ్లీ చేస్తుంటే చదువుతున్నామన్న తృప్తి ఉంటుంది మరి. వెర్బల్ అంటే రెన్ అండ్ మార్టిన్ దుమ్ము దులుపుతారు. ఇప్పటి జీమ్యాట్ వెర్బల్‌లో గ్రామర్ ప్రశ్నలే లేవు, ఉన్నది రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్. కాబట్టి రచయిత ఏ ఊహ మీద వాదన నిలబెట్టాడో పట్టుకోవడం నేర్పే పుస్తకం కావాలి.

ఇక నాలుగు పుస్తకాలు కొనాలన్న ఆలోచన ఉంటే ఈ లెక్క చూడండి. రోజూ ఆఫీసు తర్వాత గంట, శని ఆదివారాల్లో మూడేసి గంటలు అనుకుంటే వారానికి 11 గంటలు. రిలీజ్ డేట్లు, చుట్టాల పెళ్లిళ్లు, జ్వరాలు పోను 9 మిగిలితే గొప్ప. 14 వారాలకు 126 గంటలు. 900 ప్రశ్నలున్న పుస్తకమైతే, చేయడానికి రెండు నిమిషాలు, తప్పొప్పులు చూసుకోవడానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 105 గంటలు. మాక్ రాసి సమీక్షించుకోవడానికి ఐదు గంటల చొప్పున నాలుగు మాక్‌లకు 20. అయిపోయింది. రెండో పుస్తకాన్నే ఏరుకుని చదవాలి, మూడోదానికి చోటెక్కడుంది?

టెలిగ్రామ్‌లో వచ్చే పీడీఎఫ్‌ల జోలికి పోకండి. అది దొంగ సరుకన్నది ఎలాగూ ఉంది, పైగా తప్పుల తడక. స్కాన్ చేసినప్పుడు పవర్లు కిందికి జారిపోయి 2 పవర్ 10 కాస్తా 210గా కనిపిస్తుంది. అర్ధరాత్రి మీరు మీ లెక్కనే అనుమానిస్తూ అరగంట కూర్చుంటారు.

ఐఎస్‌బీకో, విదేశాలకో వెళ్లాలని జీమ్యాట్ రాసేవాళ్లకు నిర్వాహకుల సైట్‌లో రెండు పూర్తి మాక్‌లు ఉచితంగా దొరుకుతాయి. రెండూ మొదటి వారంలోనే ఊదేయకండి. ఒకటి ఇప్పుడు, రెండోది పరీక్షకు పది పదిహేను రోజుల ముందు. చూసేసిన ప్రశ్నలతో మళ్లీ మాక్ రాస్తే స్కోరు పెరిగినట్టు కనిపిస్తుంది, పెరిగింది మీ జ్ఞాపకమే.

కాబట్టి ఈ వారం ఏ పుస్తకమూ కొనకండి. శనివారం పొద్దున ఫోన్ వేరే గదిలో పెట్టి, రెండుంపావు గంటలు కూర్చుని మొదటి మాక్ రాయండి. మూడు సెక్షన్లలో ఏది తక్కువొచ్చిందో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో షాపుకెళ్లండి.