సాయం ఎంతో చెప్పే అంకె వెనుక ఏముంది?

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్లు సాగే ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రోడ్డులో కొన్ని భాగాలను జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చిన రుణంతో కట్టారు. అంటే ఆ ఖర్చులో కొంత జపాన్ విదేశీ సహాయ లెక్కల్లోనూ కనిపిస్తుంది. తిరిగి కట్టాల్సిన అప్పు సాయం ఎలా అవుతుంది? ఈ సందేహం న్యాయమైనదే. ప్రభుత్వాలు ప్రకటించే విదేశీ సహాయ గణాంకాలను చదవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఈ లెక్కల నియమాలను రాసేది ఓఈసీడీలోని అభివృద్ధి సహాయ కమిటీ. దాన్ని పొట్టిగా 'డాక్' అంటారు. ఇందులో సభ్యులు ప్రధానంగా ధనిక దేశాలే. 'అధికారిక అభివృద్ధి సహాయం' అన్న భావనను ఈ కమిటీ 1969లో తీసుకొచ్చి, 1972లో నిర్వచనాన్ని బిగించింది. దాని ప్రకారం సొమ్ము ప్రభుత్వానిదై ఉండాలి. పేద, మధ్య ఆదాయ దేశాల అభివృద్ధి దాని ముఖ్య ఉద్దేశం కావాలి. అప్పుగా ఇస్తే షరతులు మార్కెట్ కంటే తేలికగా ఉండాలి.

'తేలికగా' అన్న మాటను అంకెల్లోకి మార్చడంలోనే అసలు చిక్కు ఉంది. మొదట్లో పద్ధతి సులువుగానే ఉండేది. అర్హత ఉన్న రుణమైతే విడుదలైన సొమ్మంతా సాయమే. తర్వాత తిరిగొచ్చిన అసలును ఏటికేడు తీసేసేవారు. 2018 సంవత్సరపు లెక్కల నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు రుణంలో 'ఉచితంగా ఇచ్చినట్టు' లెక్కకొచ్చే భాగాన్ని మాత్రమే సాయంగా రాస్తారు.

ఆ భాగాన్ని ఎలా పట్టుకుంటారో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక దేశం 100 కోట్లు అప్పిచ్చింది. వడ్డీ 1 శాతం, గడువు 30 ఏళ్లు. మొదటి 10 ఏళ్లు వడ్డీ ఒక్కటే కట్టాలి, తర్వాతి 20 ఏళ్లు అసలులో ఏటా 5 కోట్ల చొప్పున తీర్చాలి. ఈ రోజు చేతిలో ఉన్న వంద, ముప్పై ఏళ్ల తర్వాత చేతికొచ్చే వంద ఒకటి కావని చిట్టీలు వేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అందుకే భవిష్యత్తులో రాబోయే ప్రతి వాయిదాను నేటి విలువకు తగ్గించి కూడతారు. ఎంత చొప్పున తగ్గించాలో చెప్పేదే డిస్కౌంట్ రేటు. భారత్ లాంటి దిగువ మధ్య ఆదాయ దేశాలకు డాక్ పెట్టిన రేటు 7 శాతం. బాగా వెనుకబడిన దేశాలకు 9, ఎగువ మధ్య ఆదాయ దేశాలకు 6.

7 శాతంతో లెక్కిస్తే మన ఉదాహరణలోని వాయిదాలన్నిటి నేటి విలువ సుమారు 37 కోట్లు. మిగిలిన 63 కోట్లు సాయం కింద లెక్క. అదే అప్పును 3 శాతం రేటుతో లెక్కిస్తే? వాయిదాల విలువ 70 కోట్లకు పెరుగుతుంది, సాయం 30 కోట్లకు పడిపోతుంది. అప్పు మారలేదు, తీర్చే పద్ధతి మారలేదు, కాగితం మీద సాయం మాత్రం సగానికి పైగా తగ్గింది. డాక్ రేట్లు మరీ ఎక్కువనీ, ఇచ్చే దేశాలు తాము అంతకంటే చౌకగా అప్పు తెచ్చుకోగలవనీ కొందరు నిపుణులు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఈ వాదనలో ఎవరి పక్షం తీసుకున్నా ఒక సంగతి మిగులుతుంది. ప్రతి రుణానికీ వడ్డీ, గడువు, విరామ కాలం విడివిడిగా ప్రచురిస్తే ఎవరైనా కాలిక్యులేటర్ పట్టుకుని ఈ లెక్కను తిరిగి చేయవచ్చు. మొత్తం ఒక్కటే ప్రకటిస్తే, దాన్ని నమ్మడం తప్ప చదివేవాళ్లకు మరో దారి లేదు.

లెక్కను విప్పి చూపడం వల్ల ఏం జరుగుతుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడి ప్రభుత్వం అంతర్జాతీయ అభివృద్ధి గణాంకాలను ఏటా రెండు విడతలుగా విడుదల చేస్తుంది, ముందు తాత్కాలిక అంకెలు, తర్వాత తుది అంకెలు. ఏ శాఖ ఎంత ఖర్చు చేసిందో పట్టికల్లో ఉంటుంది. 2022లో బ్రిటన్ మొత్తం సాయం సుమారు 1,280 కోట్ల పౌండ్లు. అందులో దాదాపు 370 కోట్ల పౌండ్లు, అంటే 29 శాతం, దేశం దాటి వెళ్లనే లేదు. బ్రిటన్‌కు వచ్చిన శరణార్థుల వసతికీ ఇతర అవసరాలకూ అక్కడే ఖర్చయింది. ఇది నియమాలకు విరుద్ధం కాదు. శరణార్థులపై మొదటి 12 నెలల ఖర్చును సాయంగా చూపడానికి డాక్ అనుమతి ఉంది. కానీ పట్టికల్లో ఈ వరుస విడిగా ఉండబట్టే పరిశోధకులు ప్రశ్నించారు, 2023లో పార్లమెంటరీ కమిటీ దీనిపై నివేదిక ఇచ్చింది. డాక్ దేశాలన్నిటి సాయం 2022లో 20,400 కోట్ల డాలర్లకు చేరిందని ప్రాథమిక అంకెలు వచ్చినప్పుడూ ఇదే కథ. అందులో 14.4 శాతం శరణార్థుల కోసం దాతల దేశాల్లోనే అయిన ఖర్చు. శీర్షిక మాత్రమే చదివినవారికి అది పేద దేశాలకు వెల్లువెత్తిన సాయంగానే కనిపించి ఉంటుంది.

ఇక సొమ్ము దేనికి వెళ్లిందన్న ప్రశ్న. డాక్ సమాచార నిధిలో ప్రతి ప్రాజెక్టుకూ ఐదంకెల సంకేతం ఇస్తారు. రోడ్డు రవాణా 21020, ప్రాథమిక తాగునీరు, పారిశుధ్యం 14030. వీటితోపాటు 99810 అనేది ఒకటుంది, రంగం తెలియనివన్నీ అందులోకి వెళ్తాయి. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో 'ఇతరములు' లాంటిదే. ఆ వరుస లావెక్కిన కొద్దీ మిగతా వరుసల మీద నమ్మకం సన్నగిల్లుతుంది.

అందుకునే దేశం వైపు నుంచి చూస్తే అవసరాలు వేరు. నేపాల్ సంగతే తీసుకోండి. అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో, శ్రావణ మాసారంభంతో మొదలవుతుంది. భారత్‌కు ఏప్రిల్‌లో, డాక్ లెక్కలకు జనవరిలో. ఒకే ఏడాది ఫిబ్రవరిలో, మేలో, ఆగస్టులో విడుదలైన మూడు వాయిదాలను ఈ మూడు క్యాలెండర్లు మూడు రకాలుగా పంచుకుంటాయి. ఎవరూ తప్పు రాయకపోయినా, ఒక్క రూపాయి ఎటూ పోకపోయినా, వార్షిక మొత్తాలు ఒకదానితో ఒకటి సరిపోవు. అక్కడి ఆర్థిక శాఖలో బడ్జెట్ తయారుచేసే అధికారికి కావలసింది ఏడాది మొత్తం కాదు, ఒక్కో చెల్లింపు జరిగిన తేదీ. రాబోయే వాయిదా ఎప్పుడొస్తుందన్న అంచనా దొరికితే మరీ మేలు.

2008లో ఘనా రాజధాని అక్రాలో మొదలైన అంతర్జాతీయ సహాయ పారదర్శకతా చొరవ, పొట్టిగా 'ఐయాటి', ఈ అవసరం నుంచే పుట్టింది. కంప్యూటర్లు నేరుగా చదవగలిగే ఎక్స్‌ఎంఎల్ రూపంలో ప్రతి ప్రాజెక్టుకు ఒక గుర్తింపు సంఖ్య, ప్రతి చెల్లింపుకు తేదీ, ఇచ్చిన సంస్థ, పుచ్చుకున్న సంస్థ ఉండాలని అది ప్రమాణం పెట్టింది. ఇందులో గుర్తింపు సంఖ్యే కీలకం. ఒక ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థకు 10 కోట్లు ఇస్తే, అది ఒక స్వచ్ఛంద సంస్థకు 8 కోట్లు అందిస్తే, ఇద్దరూ తమ తమ లెక్కల్లో రాస్తారు. రెండూ కూడితే 18 కోట్లు! రెండో చెల్లింపు దగ్గర మొదటి ప్రాజెక్టు సంఖ్య రాసి ఉంటేనే ఇది ఒకే సొమ్మని యంత్రానికి తెలుస్తుంది. ఆ గడిని ఖాళీగా వదిలేసే సంస్థలకు కొదవ లేదు.

భారత్ సాయం పుచ్చుకునే దేశమే కాదు, ఇచ్చే దేశం కూడా. విదేశీ నిపుణులకు శిక్షణనిచ్చే ఐటెక్ కార్యక్రమం 1964 నుంచి నడుస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్ విదేశాంగ శాఖ పద్దులో భూటాన్‌కు 2,150 కోట్ల రూపాయలు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు కేటాయించారు. అయితే భారత్ డాక్ సభ్య దేశం కాదు. బడ్జెట్ కేటాయింపులు ఒకచోట, ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణాలు ఇంకోచోట, శిక్షణ సీట్లు మరోచోట ఉంటాయి. వీటిని కలిపి చూడాలనుకునే పరిశోధకులు ముందు తమ పట్టిక తామే తయారుచేసుకోవాలి. కేటాయింపుకూ వాస్తవ ఖర్చుకూ మధ్య తేడా తెలియాలంటే తర్వాతి ఏళ్ల బడ్జెట్ పత్రాలు కూడా తిరగేయాలి.

ఔటర్ రింగ్ రోడ్డు విషయంలో ఒక సౌకర్యం ఉంది. అప్పు ఎంతో జైకా ప్రాజెక్టు జాబితాలో చూడవచ్చు. మన వైపు విదేశీ రుణాల ఖాతాలను కేంద్ర ఆర్థిక శాఖలో సహాయ ఖాతాలు, ఆడిట్ విభాగం నిర్వహిస్తుంది. ఒకే అప్పుకు రెండు కొసలా లెక్క ఉంది కాబట్టి పోల్చి చూడవచ్చు. నేపాల్‌లో బడులు, ఆరోగ్య కేంద్రాల వంటి చిన్న ప్రాజెక్టులకు భారత్ 2003 నుంచి నిధులిస్తోంది. తన ఊరి బడికి ఎంత వచ్చిందో, ఏ తేదీన వచ్చిందో తెలుసుకోవాలనుకునే అక్కడి విద్యార్థికి బడ్జెట్‌లో దొరికేది మాత్రం దేశం మొత్తానికి ఉన్న ఒక్క వరుసే.