స్వస్థత కలిగిందా? పరీక్ష చేయించుకోండి



“ప్రార్థన చేయించుకున్నాం, జబ్బు పోయింది, ఇక మాత్రలెందుకు?” అని కొందరు అడుగుతుంటారు. పరీక్ష చేయించుకోమంటే అవిశ్వాసమనుకుంటారు. వాక్యంలో ఏముందో చూద్దాం.

లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం యాజకుడు చర్మం మీది మచ్చను చూసి, అనుమానముంటే రోగిని 7 రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూడాలి. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి యాజకుని దగ్గరకే పంపాడు (లూకా 5:14). స్వస్థపరచినవాడే పరీక్షకు పంపాడన్నమాట.

ఫ్రాన్సులోని లూర్దు మాత క్షేత్రంలో స్వస్థతలను పరిశీలించే వైద్యుల కార్యాలయం 1883లో మొదలైంది. 7,000కు పైగా స్వస్థతలు నమోదు కాగా, 2018 నాటికి కతోలిక సభ అద్భుతాలుగా గుర్తించినవి 70 మాత్రమే.

బాధ తగ్గడం వేరు, జబ్బు పోవడం వేరు. టీ.బీ. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. క్రిములు మాత్రం లోపల ఉంటాయి. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా పోవచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటవచ్చు. బీ.పీ. చాలామందిలో ఏ బాధా చూపదు. టైప్-1 షుగర్ ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తుంచుకోండి:

1. ప్రార్థన మానవద్దు, మందులూ మానవద్దు.

2. బాగైందనిపిస్తే తెమడ, షుగర్, బీ.పీ. పరీక్షలు చేయించుకోండి.

3. తెమడలో క్రిములు కనబడకపోయినా టీ.బీ. కోర్సు పూర్తిచేయాలి. మందు ఆపమని డాక్టరుగారే చెప్పాలి.

దేవుని ప్రేమను ల్యాబులో కొలవలేం. రక్తంలో షుగర్‌ను కొలవగలం. నిజమైన స్వస్థత పరీక్షకు నిలుస్తుంది. రిపోర్టు చూశాకే సాక్ష్యం చెప్పండి.