ఇతర గ్రహాలపై ప్రాణులు ఉండగలవా?

“భూమి మీద తప్ప మరెక్కడా ప్రాణులు లేవా?” అని పిల్లలు అడిగితే కొందరు పెద్దలు “అలాంటి ఆలోచనలు ఈమాన్‌కు ముప్పు” అని నోరు మూయిస్తారు. మరికొందరు ప్రతి కొత్త వార్తనూ పట్టుకొని “ఇది ఖుర్ఆన్‌లో ముందే ఉంది” అని ప్రకటించేస్తారు. ఈ రెండు ధోరణులూ సరైనవి కావు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అంగారక గ్రహంపై సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 60 డిగ్రీలు దిగువన ఉంటుంది. గాలి పీడనం భూమిపై ఉన్నదానిలో నూరో వంతు కూడా లేదు. రక్షణ కవచం లేకుండా మనిషి అక్కడ కొద్ది నిమిషాలైనా బతకలేడు.

అయితే అల్లాహ్ సృష్టిలో మనకన్నా గట్టి ప్రాణులున్నాయి. జపాన్ శాస్త్రవేత్తలు డైనోకాకస్ అనే బ్యాక్టీరియాను ఎండబెట్టి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల ఉంచారు. మూడేళ్ళ తర్వాత చూస్తే పైపొరలోని కణాలు చనిపోయాయి. వాటి చాటున ఉన్న లోపలి కణాలు బతికే ఉన్నాయి. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి.

కాని ప్రాణం నిలుపుకోవటం వేరు, పెరిగి వృద్ధి చెందటం వేరు. వృద్ధికి నీరు కావాలి. ప్రాణమున్న ప్రతిదానినీ నీటితో సృష్టించిన సంగతిని అల్లాహ్ అంబియా సూరా 30వ ఆయతులో తెలియజేశాడు. శాస్త్రవేత్తలు కూడా ముందుగా నీటి జాడనే వెదుకుతున్నారు. గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మంచుపొర కింద సముద్రం ఉందని భావించి, 2024 అక్టోబరులో నాసా అక్కడికి ఒక వ్యోమనౌకను పంపింది.

దివ్యఖుర్ఆన్ ఏమంటోంది?

భూమ్యాకాశాల సృష్టినీ, ఆ రెండింటిలో వ్యాపింపజేసిన ప్రాణులనూ షూరా సూరా 29వ ఆయతు దైవ నిదర్శనాలుగా పేర్కొంది. ఆకాశాలలోని ప్రాణులంటే దైవదూతలని పూర్వ వ్యాఖ్యాత ముజాహిద్ (రహ్మలై) భావించారు. ఇతర గ్రహాలలోనూ ప్రాణులున్నాయనడానికి ఇది స్పష్టమైన సూచన అని మౌలానా మౌదూదీ (రహ్మలై) తఫ్హీముల్ ఖుర్ఆన్‌లో రాశారు. నహ్ల్ సూరా 49వ ఆయతు ప్రాణులనూ దైవదూతలనూ వేర్వేరుగా ప్రస్తావించటం ఇక్కడ గమనార్హం. కాబట్టి అలాంటి ప్రాణులు ఉండవచ్చని అనుకోవటం విశ్వాసానికి విరుద్ధం కాదు. అయితే అవి ఏ గ్రహంపై ఉన్నాయో, ఎలా ఉన్నాయో ఖుర్ఆన్ చెప్పలేదు.

తొందరపాటు వద్దు

అంగారకుని నుంచి వచ్చిన ఒక ఉల్కాశిలలో జీవం ఆనవాళ్ళున్నాయని 1996లో ప్రకటన వెలువడింది. తర్వాత చాలామంది శాస్త్రవేత్తలు దానిని అంగీకరించలేదు. అంగారకునిపై మరో శిలలో ప్రాచీన జీవానికి సంబంధించినవి కాదగిన గుర్తులున్నాయని 2025 సెప్టెంబరులో నాసా తెలిపింది. ఇది నిర్ధారణ కాలేదని కూడా చెప్పింది. ఇలాంటి వార్తలపై ఈమాన్‌ను నిలబెడితే, వార్త మారినప్పుడల్లా ఈమాన్ కూడా ఊగిసలాడుతుంది. తెలియనిదాని వెంట పడవద్దని ఇస్రా సూరా 36వ ఆయతు హెచ్చరిస్తోంది.

మనం గ్రహించవలసినవి

1. పిల్లల ప్రశ్నను అణచవద్దు. తెలిసింది చెప్పాలి, తెలియనిదానికి “అల్లాహ్‌కే బాగా తెలుసు” అనాలి.

2. ఎక్కడ ఏ ప్రాణి కనబడినా దాని ప్రభువు కూడా ఆయనే. ఆయన సర్వలోకాల ప్రభువు.

3. తాను తలచినప్పుడు వారందరినీ సమీకరించగల శక్తి అల్లాహ్‌కు ఉందని అదే షూరా ఆయతు ముగింపు గుర్తు చేస్తోంది. ఆనాడు మనల్ని అడిగేది ఇతర గ్రహాల ప్రాణుల గురించి కాదు, ఈ భూమిపై మనం చేసుకున్న కర్మల గురించే. ఆ లెక్కకు సిద్ధపడే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.