పగిలిన టీపాట్

పఠనభాగములు: యిర్మీయా 18:1–6, 19:1–11, 2 తిమోతి 2:20, 21, 4:11

1912లో సాక్చియందలి కర్మాగారములో మొదటి ఉక్కు దిమ్మ తయారైనది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అను పేరు కలిగెను. అక్కడ పని వెదకుకొనుచు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లిన తెలుగువారు అనేకులు తరతరములుగా ఆ ఊరనే నిలిచిపోయిరి. ఉక్కుతో బ్రదుకువారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. ఇనుము విరిగినను వ్యర్థము కాదు. తుక్కు మరల కొలిమిలో పడి, కరిగి, క్రొత్త ఉక్కులో కలిసిపోవును.

అట్టి ఊరిలో, కద్మాలోని ఒక తెలుగు ఇంట టీపాట్ ఒకటి పగిలినదనుకొందము. మనుమరాలు మట్టిపని నేర్చుకొనుచు మొట్టమొదట తన చేతులతో మలచి అవ్వకిచ్చిన పాత్ర అది. పిడి ఊడివచ్చినది, అడుగున వెండ్రుకవంటి బీట కనబడుచున్నది. “అమ్మా, బజారులో ఇంతకంటె మంచిది దొరకును, దీనిని పారవేయుదము” అని కుమారుడనును. అవ్వ మాట్లాడక, ముక్కలను పాత చీరపేలికలో మూటగట్టి అటకమీద పెట్టును. వీరిలో ఎవరి మాట న్యాయము?

మన్ను ఇనుమువంటిది కాదు. పచ్చిమన్ను ఎండినను నీరు పోసి మరల పిసుకవచ్చును. సుమారు 600 డిగ్రీల వేడిమి దాటినపిమ్మట దానిలో ఇమిడియున్న నీరు విడిపోయి, దాని స్వభావమే మారిపోవును. ఇక ఎంత నీరు పోసినను అది బంకమన్ను కాదు. యిర్మీయా చూచిన రెండు దృశ్యములకు భేదమిదియే. 18వ అధ్యాయములో పాత్ర చెడిపోయినది గాని మన్ను ఇంకను తడిగా కుమ్మరి చేతిలో, సారెమీద ఉన్నది. కనుక అతడు దానితోనే మరియొక పాత్ర చేసెను. 19వ అధ్యాయములోనిది కాలిన కూజా. బెన్‌హిన్నోము లోయలో ప్రవక్త దానిని జనులయెదుట పగులగొట్టెను. అది మరల బాగుపడదని చెప్పుటకు హెబ్రీ మూలములో వాడిన క్రియ రోగి స్వస్థపడుటను గూర్చి చెప్పునదే. ఈ రెండు అధ్యాయములను కలిపివేసి, ప్రతి పగులును సారెమీద సరిపోవునని బోధించుట తేలిక. అది వాక్యమునకు న్యాయము చేయుట కాదు.

మరి అవ్వ టీపాట్ సంగతి? జిగురుతో అతికిన పిడి, మరుగుచున్న తేనీటి బరువునకు ఏనాడైనను ఊడవచ్చును. అప్పుడు కాలునది పోయువారి చేయి. అన్ని జిగురులును ఆహారము తగులుటకు తగినవి కావు. జపానువారు చెట్టుపాలతో చేసిన లక్కతో ముక్కలనతికి, అతుకుమీద బంగారు పొడి అద్దుదురు. చూచుటకది రమ్యమే. అయినను అందము వేరు, వేడిని మోయుట వేరు. కనుక టీకి క్రొత్త పాత్ర కొనవలెను. పాతదానిని అతికి, యాలకులో లవంగములో పోసి వంటింటి గూటిలో ఉంచవలెను. కుమారుడు సగము సరి, అవ్వ సగము సరి. చిల్లపెంకుతోనైనను పొయ్యిలోని నిప్పు తీయవచ్చునని యెషయా 30:14 వలన తెలియుచున్నది గదా!

సంఘములో ఈ ప్రశ్న టీపాట్‌తో పోదు. కానుకల సొమ్ము వాడుకొనిన కోశాధికారి కన్నీటితో ఒప్పుకొనెననుకొందము. కొందరు అతని పేరే కొట్టివేయుమందురు. మరికొందరు, క్షమించితిమి గదా, తాళపుచెవులు తిరిగి ఇమ్మందురు. మొదటివారు మనిషిని పారవేయుచున్నారు. రెండవవారు అతుకు ఆరకమునుపే మరుగు నీరు పోయుచున్నారు. క్షమాపణ ఆ దినమే ఇయ్యవలసినది. తాళపుచెవుల సంగతి వేరు. వాటిని ఆపుట అతనియెడల కాఠిన్యమని తలంచువారు, అతడు రెండవమారు పడినయెడల ఎవరు ఉత్తరవాదులో ఆలోచింపవలెను.

మార్కు పంఫూలియలో పనిని విడిచి వెళ్లెను. రెండవ ప్రయాణమునకు అతనిని తీసికొనిపోవుటకు పౌలు సమ్మతింపలేదు, అతడు సీలను ఏర్పరచుకొనెను (అపొ. కార్య. 15:37–40). బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడయెక్కెను. ఒకడు మార్చెను, ఒకడు అతికెను. వారి నడుమ కలిగిన వాదము తీవ్రమైనదే. లూకా దానిని దాచలేదు, ఎవరిది తప్పో తీర్పు చెప్పనూలేదు. కొంతకాలమునకు, మార్కు వచ్చినయెడల చేర్చుకొనుడని పౌలే కొలొస్సయులకు వ్రాసెను (4:10).

తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, గొప్పయింటి పాత్రలలో యజమానునికి ఉపయోగపడు పాత్రను గూర్చి చెప్పుటకు ‘యూక్రెస్టోస్’ అను గ్రీకు మాట కలదు (2:21). అదే పత్రిక చివర, మార్కును వెంటబెట్టుకొని రమ్మని కోరుచోట మరల అదే మాట (4:11). క్రొత్త నిబంధనలో ఇది మరియొక్క చోట మాత్రమే, పారిపోయిన దాసుడైన ఒనేసిమును గూర్చి కనబడును (ఫిలేమోను 11). మన తెలుగు బైబిలులో పాత్రకు ఒక మాట, మార్కుకు మరియొక మాట పడినందున ఈ సంబంధము చదువరి కంటబడదు. సంకెళ్లలోనుండి ఆ పత్రిక పంపినవాడు, ఒకప్పుడు మార్కును వద్దనినవాడే.